శాంథోమ్‌లో రెండో శిఖరం

చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి మెరీనా వెంబడి ఆటోలో వెళ్తుంటే, బీచ్ దక్షిణపు కొస దాటగానే శాంథోమ్ చర్చి పెద్ద శిఖరం కనబడింది. తెల్లగా, సూదిగా, దాదాపు 155 అడుగుల ఎత్తు. నేను ఫోన్ తీసి ఫొటోలు కొడుతున్నాను. అమ్మ చెంగు నెత్తిన కప్పుకుని గుడిని కాసేపు చూసి, "అదేంట్రా మధ్యలో, ఆ చిన్న శిఖరం?" అంది.

అన్నీ చదువుకుని వెళ్లిన నేను అక్కడ తడబడ్డాను. మామూలుగా గుడి ముందుభాగంలో గంటగోపురం ఉంటుంది, అక్కడితో సరి. ఇక్కడ కప్పు నడిమధ్య నుంచి ఇంకొకటి లేచింది. దాని సూటిన కిందే ఏసు శిష్యుల్లో ఒకరైన పునీత తోమాసువారి సమాధి. సమాధి ఉన్న చోటు పైనుంచి చూసినా తెలియాలని పెట్టిన గుర్తు అది. ఈ ఒక్క సంగతి తెలిశాక గుడి మొత్తం నాకు వేరేగా కనబడింది. గుడి కట్టి అందులో సమాధి పెట్టలేదు, సమాధి చుట్టూ గుడి కట్టారు.

ఇప్పుడున్న కట్టడం మరీ పాతదేం కాదు. పోర్చుగీసువాళ్లు 1523లో ఇక్కడ తవ్వించి, సమాధి మీద గుడి కట్టారు. 1545లో పునీత ఫ్రాన్సిస్ జేవియర్ వచ్చి నాలుగు నెలలు ఉన్నది ఆ పాత గుడి దగ్గరే. 1893లో దాన్ని విప్పేసి కొత్తది మొదలుపెట్టారు, 1896లో ప్రతిష్ఠ జరిగింది. ఊరు ఆంగ్లేయులది, ఈ గుడి ఉన్న మైలాపూరు మేత్రాసనం (బిషప్పు పరిధి) మాత్రం పోర్చుగల్ రాజు పోషణలోది. అందుకే కట్టించింది పోర్చుగీసు మేత్రాణులు (బిషప్పులు), నమూనా గీసింది కెప్టెన్ జె.ఎ. పవర్ అనే ఇంజనీరు. ఆ కాలపు ఆంగ్లేయులకు ఇష్టమైన గోథిక్ పద్ధతే తీసుకున్నారు. మొనదేలిన తోరణాలు, సన్నటి పొడవాటి కిటికీలు, పైకి పైకి లాగే గీతలు.

లోపల వెలుతురు తక్కువ. బలిపీఠం వెనక రంగుటద్దాల్లో ఉన్న దృశ్యం యోహాను సువార్తలోదే. ఏసు చనిపోయి తిరిగి లేచాడంటే, చూస్తేగానీ నమ్మనన్న తోమాసు ఆయన గాయాన్ని వేలితో తాకబోతున్నాడు. మా విచారణలో (మా ఊరి చర్చి పరిధిలో) చిన్నప్పటి నుంచి "అనుమానపు తోమాసు" అని వింటూ పెరిగాను. ఎవరైనా చెప్పింది నమ్మకపోతే మా ఇంట్లో తిట్టు కూడా అదే. ఆ తిట్టు ఎక్కువగా నాకే పడేది. అలాంటివాణ్ణి ఆ అద్దం కింద మోకరిస్తే, పాపం ఆయన అడిగింది తప్పేముందనిపించింది. మిగతావాళ్లు చూశారు, ఈయన చూడలేదు, అంతే కదా.

సమాధికి ఇప్పుడు దారి గుడిలోంచి లేదు. వెనకవైపు మ్యూజియం ఉన్న భవనంలోంచి మెట్లు దిగి వెళ్లాలి. అమ్మ మోకాళ్లు సహకరించవు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, గోడ పట్టుకుని దిగింది. కింద చిన్న ప్రార్థనాలయం. పైన రోడ్డు మీది హారన్లు ఒక్కటీ వినబడవు. బలిపీఠం కింద, అద్దం వెనక పడుకున్న తోమాసు ప్రతిమ. ముందు మోకరించిన ఒకామె బిడ్డ జ్వరం మాత్రల చీటీని అద్దానికి ఆనించి పట్టుకుంది. అమ్మ చేతిరుమాలు తీసి అదే చోట అద్ది, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

బయటికొచ్చాక నోరూరుకోక చెప్పేశాను. ఎముకల్లో చాలాభాగం ఇక్కడ లేవని, తొలి శతాబ్దాల్లోనే ఎదెస్సాకు తీసుకెళ్లారని, అది ఇప్పటి టర్కీలో ఉందని, చివరికి 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయని. ఇక్కడున్నది చిన్న ఎముక ముక్క, ఆయన్ని పొడిచిందని చెప్పే బల్లెపు మొన.

అమ్మ తొణకలేదు. "ఎముకలు ఎక్కడికైనా మోసుకుపోతారు. గొయ్యిని మోసుకుపోలేరు కదరా" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏడు వందల ఏళ్ల కిందట మార్కో పోలో రాసిందీ దాదాపు ఇదే. యాత్రికులు ఈ చోటి మట్టిని తీసుకెళ్లి, నీళ్లలో కలిపి జ్వరం వచ్చినవాళ్లకు తాగిస్తారని. ఇది అమ్మకు చెప్పడం నేను చేసిన రెండో పొరపాటు. "మరి మనకూ కాస్త ఇస్తారా?" అని వెంటనే అడిగింది.

గుడి వెనక, సముద్రం వైపు తోమాసువారి స్తంభం ఉంది. కడలి దీన్ని దాటి రాదని ఆయన మాట ఇచ్చాడని నమ్మకం. 2004 డిసెంబరు 26న సునామీ అలలు గుడి దాకా రాలేదని అక్కడొకాయన మాకు గర్వంగా చెప్పాడు. నేను తలూపాను గానీ మనసు ఒప్పలేదు. అదే రోజు ఇదే చెన్నై తీరాన ఎన్ని ఇళ్లలో శవాలు లేచాయో. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

మధ్యాహ్నం ఎండలో పరంగిమలై, అంటే తోమాసువారి కొండ, ఎక్కలేమని అమ్మే అంది. 1547లో అక్కడ దొరికిన పహ్లవీ (పాత పర్షియా లిపి) అక్షరాల రాతి సిలువ ఇంకోసారికి మిగిలింది.

తిరుగు రైల్లో టీ తాగి, చిల్లర కోసం అమ్మ కొంగుముడి విప్పింది. నాణేలతో పాటు చిన్న కాగితం పొట్లం. అందులో చిటికెడు మట్టి.

"ఎక్కడిదే ఇది? సమాధి దగ్గర అంతా పాలరాయే కదా!"

"గుడి మెట్ల పక్కన పూలకుండీ ఉంది చూడు, అందులోది" అంది, పొట్లం జాగ్రత్తగా మళ్లీ ముడేసుకుంటూ.