సీదంతి మమ గాత్రాణి: తొలి డ్యూటీకి ముందు అర్జునుడి ప్రశ్న

సీదంతి మమ గాత్రాణి ముఖం చ పరిశుష్యతి
వేపథుశ్చ శరీరే మే రోమహర్షశ్చ జాయతే
గాండీవం స్రంసతే హస్తాత్ త్వక్చైవ పరిదహ్యతే
న చ శక్నోమ్యవస్థాతుం భ్రమతీవ చ మే మనః

భగవద్గీత మొదటి అధ్యాయంలో 28 నుంచి 30వ శ్లోకం దాకా వచ్చే మాటలివి. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి, గాండీవం చేతిలోంచి జారిపోతోంది, చర్మం మండుతోంది, నిలబడలేకపోతున్నాను, మనసు గిర్రున తిరుగుతోంది అంటున్నాడు అర్జునుడు. ఇవన్నీ ఒక కేసు షీటులో రాసి చూపిస్తే, ఫిజియాలజీ చదివిన ఏ నర్సింగ్ విద్యార్థి అయినా అడ్రినలిన్ చేసే పని అని ఇట్టే చెబుతారు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగో మూడేళ్ల జీఎన్ఎమ్ డిప్లొమానో పూర్తయి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చి, తెల్లారితే వార్డులో అడుగుపెట్టాల్సిన రాత్రి అవే లక్షణాలు తమ ఒంట్లో కనిపిస్తే మాత్రం ‘నేను ఈ పనికి పనికిరానేమో’ అనుకుంటారు.

ఆ మాట అనుకునే ముందు ఈ శ్లోకం ఎవరి నోట వచ్చిందో చూడండి. ఉరుము ఉరిమితే భయం పోవాలని మన ఇళ్లలో పిల్లల చేత ‘అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ’ అని ఎవరి పేర్లు చెప్పిస్తారో, అతనే వణుకుతున్నాడు. ద్రోణుడి దగ్గర నేర్చుకున్న విద్య ఎక్కడికీ పోలేదు. అంతకు కొద్దికాలం ముందే ఉత్తర గోగ్రహణంలో భీష్ముణ్ణీ ద్రోణుణ్ణీ కర్ణుణ్ణీ ఒక్కడే నిలువరించాడు కూడా. అతనిది చావు భయం కాదు, చదువు చాలక వచ్చిన బెదురూ కాదు. ఎదురుగా ఉన్నవాళ్లు అయినవాళ్లు, చేయబోయే పని మళ్లీ వెనక్కి తీసుకోలేనిది. స్కిల్ ల్యాబులో బొమ్మ చేతికి కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) వేసినప్పుడు రాని వణుకు మనిషి చేయి పట్టుకున్నప్పుడు వచ్చేది కూడా అందుకే. ఎదుట ఉన్నది ప్రాణమని తెలిసినవాళ్లకే అది వస్తుంది.

ఇక్కడ ప్రవచనాల్లో తొందరగా దాటేసే ఘట్టం ఒకటుంది. విల్లు వదిలేసి రథంలో కూలబడ్డ అర్జునుడికి కృష్ణుడు మొదట చెప్పింది ఆత్మ జ్ఞానం కాదు. ‘క్లైబ్యం మా స్మ గమః పార్థ’ అని గట్టిగా మందలించాడు, హృదయ దౌర్బల్యం వదిలి లేవమన్నాడు. అర్జునుడు లేవలేదు. సాక్షాత్తూ భగవంతుడి నోటి మందలింపే అక్కడ పని చేయలేదంటే, ఇంట్లోవాళ్లు ‘ఏం కాదులే, ధైర్యంగా ఉండు’ అన్నంత మాత్రాన మీ కాళ్ల వణుకు తగ్గకపోవడంలో వింతేముంది? పరిస్థితి మారింది రెండో అధ్యాయం 7వ శ్లోకంలో.

కార్పణ్యదోషోపహతస్వభావః
పృచ్ఛామి త్వాం ధర్మసమ్మూఢచేతాః
యచ్ఛ్రేయః స్యాన్నిశ్చితం బ్రూహి తన్మే
శిష్యస్తేఽహం శాధి మాం త్వాం ప్రపన్నమ్

దైన్యం నా స్వభావాన్ని దెబ్బతీసింది, ఏది ధర్మమో తెలియడం లేదు, నిన్ను అడుగుతున్నాను, ఏది మేలో నిశ్చయంగా చెప్పు, నేను నీ శిష్యుణ్ణి. ఈ అడగడం జరిగాకే 11వ శ్లోకం నుంచి ఉపదేశం మొదలైంది. 700 శ్లోకాల గ్రంథం ఆ ఒక్క ప్రశ్న కోసం ఆగి ఉంది. భయం పోయాక అడగలేదతను, వణుకుతూనే అడిగాడు. కొత్త నర్సు పూజ గదిలో నిలబడి మొక్కుకోవలసింది వణుకు పోవాలని కాదు, వణుకుతూనే నోరు తెరిచి అడిగే శక్తి ఇమ్మని.

నాలుగో అధ్యాయంలో ‘సంశయాత్మా వినశ్యతి’, అంటే సంశయించేవాడు చెడిపోతాడు, అన్న మాట విని చాలామంది అనుమానం రావడమే తప్పనుకుంటారు. ఆ శ్లోకంలో చెప్పింది తెలుసుకోనివాడి గురించి, శ్రద్ధ లేనివాడి గురించి. దానికి ఆరు శ్లోకాల ముందే ‘తద్విద్ధి ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా’ అని, వినయంతో మళ్లీ మళ్లీ అడిగి, సేవ చేసి తెలుసుకోమని కృష్ణుడే చెప్పాడు. మనిషిని చెరిచేది లోపల దాచుకున్న సంశయం. వార్డులో అది అక్షరాలా నిజం, పైగా అక్కడ చెడేది అడగనివాళ్లు కాదు, మంచం మీద ఉన్నవాళ్లు.

ఇన్సులిన్ సంగతే తీసుకోండి. మన దగ్గర ఒక ఎంఎల్‌కు 40 యూనిట్లుండే వయల్సూ 100 యూనిట్లుండేవీ రెండూ వాడతారు. వాటి సిరంజిలు వేరు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజిలో 10 గీత దాకా తీస్తే వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పుతారు. తారుమారైతే 10 అనుకున్నచోట 4 యూనిట్లే వెళ్తాయి. సిరంజి చేతిలో ఉండగా ‘ఇది 40దేనా?’ అనే అనుమానం తొంగిచూస్తే, ఆ అనుమానాన్ని దేవుడు పంపిన హెచ్చరికగానే తీసుకోండి. పక్కన ఉన్న సిస్టర్‌కు వయలూ సిరంజీ రెండూ చూపించి ‘అక్కా, ఒకసారి చూడరా’ అనండి. పొటాషియం క్లోరైడ్ ఇంకా కఠినం. 10 ఎంఎల్ ఆంపుల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లుంటాయి (పొటాషియాన్ని కొలిచే యూనిట్ ఇది), నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. ఎప్పుడైనా సెలైన్‌లో కలిపే ఇవ్వాలి, మామూలు చేతి నరం నుంచైతే సాధారణంగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకూడదు. వేలాడుతున్న సీసాలోకి మందు ఎక్కించి అలాగే వదిలేస్తే అది బరువుకు అడుగున చేరి ముందుగా అదే దిగుతుంది. అందుకే సీసా దించి నాలుగైదుసార్లు తలకిందులు చేసి కలపాలి. ఇంకొకరి చేత సరిచూపించకుండా ఈ రెండింటినీ ఇవ్వనని మొదటి రోజే దేవుడి ముందు నియమం పెట్టుకోండి.

అడిగితే సీనియర్లు చిన్నబుచ్చుతారేమో అనే బెరుకు దగ్గర విరాటపర్వం గుర్తు తెచ్చుకోవాలి. అంతఃపుర స్త్రీల ముందు గొప్పలు పలికిన ఉత్తర కుమారుడు కౌరవ సేనను చూడగానే రథం దూకి పరుగెత్తాడు. అతనిది కూడా భయమే, కానీ ఎవరినీ ఏమీ అడగని భయం. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకొచ్చాడు. వెనక్కి పొమ్మనలేదు, యుద్ధం నెత్తిన వేయలేదు, పగ్గాలు చేతికిచ్చి ‘నువ్వు రథం తోలు, నేను పోరాడతాను’ అన్నాడు. తరువాత జమ్మిచెట్టు కింద, ఇతనే అర్జునుడంటే నమ్మలేక ఉత్తరుడు అర్జునుడి పది పేర్లూ చెప్పమని అడిగాడు. అర్జునుడికి కోపం రాలేదు. పది పేర్లూ, ఏ పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పి సందేహం తీర్చాడు. సరిచూసుకోవడాన్ని అవమానంగా తీసుకోని సీనియర్ ఎలా ఉంటారో చూపించే ఘట్టమిది. వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్లు కూడా దీన్ని ఒకసారి మననం చేసుకుంటే బాగుంటుంది. కొత్తవాళ్లకు మొదటి వారం ఇవ్వాల్సింది పగ్గాలే: బీపీ, పల్స్, టెంపరేచర్, చార్టు, ఆపైన మందులు.

ఉత్తరుడు అడిగిన తీరులోనే రోగిని గుర్తుపట్టే పద్ధతీ ఉంది. ‘మీరు లక్ష్మిగారేనా?’ అంటే మగతలో ఉన్నవాళ్లు, చెవి సరిగా వినపడనివాళ్లు తల ఊపేస్తారు. మన వార్డుల్లో ఇద్దరు లక్ష్ములు ఉండటం మామూలే. ‘అమ్మా, మీ పూర్తి పేరు చెప్పండి’ అని వాళ్లనోటే చెప్పించి, చేతి పట్టీ మీద ఉన్న పేరుతో, ఐపీ నంబరుతో (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) పోల్చాలి. మంచం నంబరును నమ్ముకోకూడదు, మధ్యాహ్నానికి మంచాలు మారతాయి.

డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసేటప్పుడు గొంతు తడారిపోయేవాళ్లు 7వ శ్లోకం అమరికను గమనించండి. నా పరిస్థితి ఇది, నాకు తేలనిది ఇది, నీ నుంచి కావలసింది ఇది. హాస్పిటల్‌లో నేర్పే ఎస్‌బార్ (SBAR) పద్ధతి కూడా ఇంచుమించు ఇదే వరసలో సాగుతుంది: ఇప్పటి పరిస్థితి, వెనకటి సంగతి, నా అంచనా, కావలసింది. ‘సర్, మెడికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సును. 12వ బెడ్ రామయ్యగారు, నిన్న నిమోనియాతో చేరారు. ఇప్పుడు ఆక్సిజన్ శాచురేషన్ 88, గంట క్రితం 94 ఉంది, శ్వాస నిమిషానికి 30. ఆయాసం పెరుగుతోందని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి, ఈలోగా ఆక్సిజన్ ఎంత పెట్టమంటారు?’ ఫోన్ చేసే ముందు కాగితం మీద ఈ నాలుగూ రాసుకుంటే వణుకుతున్న గొంతుతోనైనా చదవొచ్చు. చెప్పిన ఆర్డరును తిరిగి చదివి వినిపించాలి. అర్థం కాకపోతే కాలేదనాలి. మూడో అధ్యాయం మొదట్లోనే అర్జునుడు ‘వ్యామిశ్రేణేవ వాక్యేన బుద్ధిం మోహయసీవ మే’ అన్నాడు: కలగాపులగంగా మాట్లాడి నన్ను అయోమయంలో పడేస్తున్నట్టుంది, ఒక్కటి నిశ్చయించి చెప్పు అని. జగద్గురువునే అలా అడగగా లేనిది, అర్థంకాని చేతిరాతను పట్టుకుని డాక్టర్‌ను అడగడానికి జంకెందుకు?

ఇక శరీరం సంగతి. మొదటి డ్యూటీ బాగా జరగాలని ఆ రోజు ఉపవాసం ఉండేవాళ్లున్నారు. భక్తి గొప్పదే, కానీ ఆరో అధ్యాయంలో స్వామి ‘న చైకాంతమనశ్నతః’ అన్నాడు. అసలు తిననివాడికీ, అతిగా మేల్కొనేవాడికీ యోగం కుదరదు. ఖాళీ కడుపుతో చక్కెర తగ్గితే చేతుల వణుకు రెట్టింపవుతుంది. ఉపవాసం సెలవు రోజుకు మార్చుకుని, బయల్దేరేముందు ఇడ్లీయో పెరుగన్నమో తిని వెళ్లండి. ముంజేతికి కట్టుకున్న కంకణం, దారాలు, ఉంగరాలు, గాజులు డ్యూటీలో తీసేయాలి. తడిసిన దారంలో క్రిములు నిలుస్తాయి, ఒక రోగి దగ్గరివి ఇంకొకరికి చేరతాయి. రక్ష దారాన్ని చిన్న కవరులో పెట్టి బ్యాగులో ఉంచుకుంటే దేవుడికి దూరమైనట్టు కాదు.

చేతులు శుభ్రం చేసుకోవడమే జపంగా మార్చుకోవచ్చు. శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు రుద్దాలి. ‘కార్పణ్యదోష’ శ్లోకాన్ని మనసులో నిదానంగా ఒకసారి చదువుకుంటే శానిటైజర్ సమయం సుమారుగా సరిపోతుంది, రెండుమూడుసార్లు చదివితే సబ్బుది. తొందరలో కొత్తవాళ్లు వదిలేసే చోట్లు బొటనవేళ్లు, వేలి కొనలు. నాలుగో పాదం ‘శిష్యస్తేఽహం’ వాటికి కేటాయించండి. గుండె మరీ దడదడలాడితే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెల దాకా నెమ్మదిగా వదలాలి. ఐదారుసార్లకు పల్స్ నెమ్మదిస్తుంది. కాన్యులా వేసేటప్పుడు నిలబడి వంగకుండా స్టూలు మీద కూర్చుని, మణికట్టును మంచానికి ఆనించండి. రక్తం కనిపించగానే చాలామంది సంతోషంలో అదే కోణంలో లోపలికి తోస్తారు, సూది నరం అవతలి గోడ చీల్చేస్తుంది. రక్తం కనబడ్డాక కోణం తగ్గించి, రెండుమూడు మిల్లీమీటర్లు ముందుకు జరిపి, అప్పుడు ప్లాస్టిక్ గొట్టాన్ని జార్చాలి. రెండుసార్లు కుదరకపోతే మూడోది సీనియర్‌కు వదలండి.

సూది గుచ్చుకుంటుందేమోననే భయం చాలామందిని నిద్రపోనివ్వదు. చేరకముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు (0, 1, 6 నెలలు) పూర్తిచేసుకోండి. గుచ్చుకుంటే పిండకుండా సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే తొలి రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. తిడతారని దాచిపెడితే ఆ గంటలే చేజారిపోతాయి.

మొదటిసారి ఒక ప్రాణం పోవడం చూసినప్పుడు ‘నానుశోచంతి పండితాః’, అంటే తెలిసినవాళ్లు శోకించరు, అన్న మాట గుర్తొస్తుంది. అది అడిగిన శిష్యుడికి గురువు చెప్పిన మాట, ఏడుస్తున్న కుటుంబానికి వినిపించేది కాదు. వాళ్లకు పదిహేడో అధ్యాయంలోని ‘అనుద్వేగకరం వాక్యం’ చాలు: నొప్పించని, నిజమైన మాట. మరణించారని ప్రకటించాల్సింది డాక్టర్. మెడికోలీగల్ కేసైతే (పోలీసు విచారణకు వెళ్లేదైతే) గొట్టాలు తీయకూడదు. చివరి ఘడియల్లో తులసి తీర్థం పోస్తామని బంధువులు అడుగుతారు. స్పృహ లేనివాళ్ల నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడదు. కాదనకండి, డాక్టర్‌కు చెప్పి, శుభ్రమైన గాజుగుడ్డను తీర్థంలో తడిపి పెదవులకు అద్దమని వాళ్ల చేతికే ఇవ్వండి. వాళ్ల ఆచారమూ నిలుస్తుంది, రోగికీ హాని ఉండదు.

మొదటి వారంలోనే స్థిమితం రాలేదని బెంగపడేవాళ్లు గీతలో ప్రశ్నలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి వేలుపెట్టి చూసుకోండి. రెండో అధ్యాయంలో శరణన్న అర్జునుడే మూడు, ఐదు అధ్యాయాల మొదట మళ్లీ అడిగాడు. ఆరులో ‘చంచలం హి మనః’ అన్నాడు, దానికి జవాబు ‘అభ్యాసేన’ అని వచ్చింది. సందేహాలు తీరాయని చెప్పింది 18వ అధ్యాయం 73వ శ్లోకంలో. కాబట్టి జేబులో చిన్న పుస్తకం ఉంచుకుని ఆ రోజు తేలనివి రాసి, డ్యూటీ దిగేలోపు ఒక్కటైనా అడిగి రండి. వారాలు గడిచినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, డ్యూటీ తలచుకుంటేనే ఏడుపు రావడం తగ్గకపోతే అది పారాయణంతో నెట్టుకురావలసింది కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు.