పరంగిమలైలో నా మొదటి నెల

సైన్యంలో ఆఫీసరు కావడానికి సీడీఎస్ పరీక్ష రాసి, బెంగళూరులో ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ దాటి, మెడికల్‌లోనూ గట్టెక్కాక కష్టమంతా అయిపోయిందనుకున్నా. ఏప్రిల్‌లో చెన్నై పరంగిమలైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ గేటు దగ్గర నల్ల ట్రంకుపెట్టెతో దిగాను. మాది రెంటచింతల పక్క ఊరు, ఆ ఎండల్లో పెరిగినవాణ్ణి చెన్నై ఏం చేస్తుందిలే అని ధీమా. ఎండ నిజంగానే ఏం చెయ్యలేదు. ఉక్కపోతే పని పట్టింది, తెల్లారకముందే బనీను పిండితే నీళ్లు కారేవి.

మొదటి రెండు మూడు రోజులు క్షవరం, కాగితాలు, కొలతలు, సామాను. అసలుది ఆ తర్వాత. వెళ్లేముందు అందరూ 2.4 కిలోమీటర్లు ఎంతలో పరిగెడతావని భయపెడతారు గానీ, నాకు పరుగు కంటే గడియారంతోనే ఎక్కువ టెన్షన్. పీటీ నుంచి వచ్చి, తడిసిన బట్టలు విప్పి, స్నానం, టిఫిన్, డ్రిల్ యూనిఫాం, అద్దంలా మెరిసే బూట్లు, మళ్లీ సైకిళ్ల మీద వరుసగా క్లాసుకి, ఇదంతా నిమిషాల లెక్కన జరిగిపోవాలి, ఒక్కడు ఆలస్యమైతే అందరూ ఎండలో నిలబడాలి. ఇదంతా మొదలైన మూడో రోజు ఆ ఒక్కణ్ణి నేనే. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. ఆ రాత్రి పక్కగది మణిపూర్ కుర్రాడు వచ్చి మర్నాటి బట్టలు కుర్చీ మీద ఎలా పేర్చాలో చూపించాడు: టోపీ అడుగున, బనీను అన్నిటికంటే పైన. అంటే వేసుకునే వరుసకి తలకిందులుగా. అంతే, ఐదు నిమిషాలు మిగిలాయి.

డ్రిల్ కమాండ్లన్నీ హిందీలో. నాది సినిమాలు చూసి నేర్చిన హిందీ. 'దాహినే ముడ్' (కుడికి తిరుగు) అని అరిస్తే ఎడమకి తిరిగి పక్కవాడితో ముఖాముఖి నిలబడ్డా. మర్నాడు కుడి అరచేతిలో పెన్నుతో 'దా' అని రాసుకెళ్లా, చెమటకి అరగంటలో చెరిగిపోయింది. కానీ ఆ అరగంట చాలింది. ఉస్తాద్‌లు, అంటే డ్రిల్ నేర్పేవాళ్లు, అరుస్తారు, నిజమే, అయితే రెండో వారానికి ఆ అరుపు మన మీద కోపం కాదని అర్థమవుతుంది.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది, అది మాత్రం మీరు చెయ్యకండి. డ్రిల్‌లో మడమ బలంగా నేలకి కొట్టీ కొట్టీ మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టింది. చెబితే రెలిగేట్ చేస్తారేమో, వెనక బ్యాచ్‌తో పడతానేమో అని వారంపాటు పళ్లు బిగపట్టి తిరిగా. చివరికి కుంటుతుంటే తోటివాళ్లే ఎంఐ రూమ్‌కి, అంటే అకాడమీలో డాక్టరు చూసే చోటుకి, లాక్కెళ్లారు. అదృష్టం బాగుండి ఎముక చిట్లలేదు, వారం రోజులు పరుగు ఆపమన్నారు. "మొదటిరోజే వస్తే రెండు రోజుల్లో పోయేది కదా" అన్నారు డాక్టరు గారు. అందుకే చేరడానికి రెండు మూడు నెలల ముందు నుంచే పరుగు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ రండి, చివరి పదిహేను రోజుల్లో ఒక్కసారిగా వద్దు.

స్టైపెండ్ నెలకి 56,100 అని మా ఊళ్లో నాకంటే ముందే అందరికీ తెలుసు. అందులోంచి మెస్సు, బట్టల కోతలు పోతాయని మాత్రం ఎవరికీ తెలియదు.

ఫోన్ చేతికి దొరికిన మొదటి ఆదివారం ఇంటికి చేశా. 49 వారాల శిక్షణలో అప్పటికి మూడే అయ్యాయి. అమ్మ అడిగిన మొదటి మాట, "అన్నం సరిగ్గా పెడుతున్నారా?" పెడుతున్నారమ్మా, కాకపోతే దోసె కూడా కత్తితో కోసి ఫోర్కుతో తినాలి అన్నా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత నాన్నని పిలవడం వినిపించింది, "ఏవండీ, వీడేదో కత్తులంటున్నాడు, ఇలా రండి!"