ఏ ఈక్యూ కొనాలి: నా అనుభవం

వరంగల్‌లో మాదో చిన్న హోమ్ స్టూడియో. ఎక్కువగా జానపద పాటలే చేస్తాం. ఈక్యూ అంటే శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీనైనా పెంచే (బూస్ట్), తగ్గించే (కట్) పనిముట్టు. ఇన్నాళ్లూ రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే రీఈక్యూతోనే పని నడిచింది. కొత్త ఈక్యూ ప్లగిన్ (ఆ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) కొనాలా వద్దా అన్న తలనొప్పి మొన్ననే తీరింది కాబట్టి, ఆ వేడి మీదే రాస్తున్నాను.

ట్రయల్స్ దించుకోవడం, ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేం కాదు. ఒక కంపెనీ మాత్రం ట్రయల్‌కి ఒక అకౌంట్, దానికో లైసెన్స్ మేనేజర్, ఆ మేనేజర్‌కి ఇంకో అకౌంట్ అడిగింది. కొనడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఆధార్ జిరాక్స్ అడిగినట్టుంది. దాన్ని అక్కడే వదిలేశాను.

అసలు గొడవ హైదరాబాద్‌లో మొదలైంది. మాస్టరింగ్ (మిక్స్ అయిన పాటకు చివరి మెరుగు) కోసం ఒక స్టూడియోకి వెళ్లాం. పాడిన అమ్మాయి, పాటకు డబ్బు పెట్టినాయన, నేను. అక్కడి ఇంజనీర్ అన్న నా సెషన్ తెరిచి నవ్వాడు. "సాఫ్ట్‌వేర్‌తో ఫ్రీగ వచ్చే ఈక్యూనే గదా తమ్మీ? అందుకే పాటల జాన్ లేదు." పాత ట్యూబ్ మిషన్‌ని అనుకరించే ప్లగిన్ ఒకటి గొంతు ట్రాక్ మీద పెట్టి, "ఇప్పుడు విను" అన్నాడు. గొంతు నిజంగానే ముందుకొచ్చింది. డబ్బు పెట్టినాయన తల ఊపి, "ఇకనుంచి మిక్సింగ్ కూడా ఇక్కడనే చేపిద్దామా?" అన్నాడు, నేను పక్కనే ఉండగా! అమ్మాయి నావైపు చూసి చూపు తిప్పుకుంది.

ఇంటికొచ్చి అదే ప్లగిన్ ట్రయల్ పెట్టాను. నాబ్ ఒక్కటీ తిప్పకుండానే మీటరు ఒక డీబీకి (డెసిబెల్, శబ్దం లెవెల్ కొలత) పైగా లేచింది. అవుట్‌పుట్ అంతే తగ్గించి విన్నాను. అన్న చెప్పిన జాన్‌లో ముప్పావు వంతు ఎగిరిపోయింది. కొంచెం పెద్దగా వినిపించేది మన చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది. ప్లగిన్లు పోల్చేటప్పుడు లెవెల్ సమానం చేయని ఇంజనీర్ మాట, ఎంత సీనియర్ అయినా సరే, నమ్మకండి.

తర్వాత నల్ టెస్ట్. ఒకే ట్రాక్‌ని రెండు కాపీలు చేసి, ఒకదానికి రీఈక్యూ, రెండోదానికి డబ్బిచ్చి కొనాల్సిన ఈక్యూ ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ ట్రయల్ పెట్టి, ఒకదాని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) కలిపితే, రెండూ ఒకటే పని చేస్తుంటే నిశ్శబ్దం రావాలి. రెండింట్లో 400 హెర్ట్జ్ దగ్గర 4 డీబీ కట్, పక్కన వెడల్పు గడిలో 1.4 అని కొట్టాను. నిశ్శబ్దం రాలేదు. డప్పు ఎక్కడో దూరం నుంచి మోగుతూనే ఉంది. అంటే అన్న చెప్పిందే నిజమా? ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు.

సంగతి ఏమిటంటే, రీఈక్యూలో వెడల్పుని ఆక్టేవుల్లో చూపిస్తారు, మిగతావాటిలో చాలావరకు క్యూ విలువలో (క్యూ పెరిగేకొద్దీ వంపు సన్నబడుతుంది). ఒక ఆక్టేవ్ వెడల్పంటే క్యూ దాదాపు 1.41. అంటే రెండు గడుల్లో ఒకే 1.4 కొట్టినా వెడల్పులు వేరు. పైగా క్యూ లెక్క కూడా అందరిదీ ఒకటి కాదు. కొన్ని ఈక్యూలలో గెయిన్ పెంచేకొద్దీ వంపు సన్నబడుతుంది. అంకెలు వదిలేసి, ప్లగిన్ డాక్టర్‌లో (ప్లగిన్ శబ్దాన్ని ఎలా మారుస్తుందో గీత గీసి చూపే సాఫ్ట్‌వేర్) రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి వచ్చేదాకా సరిచేశాక డప్పు ఆగిపోయింది. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్ సెషన్‌లో బాగా పైన, 14 కిలోహెర్ట్జ్ దగ్గర బూస్ట్ చేసినప్పుడు మాత్రం తేడా మిగిలింది. పై హద్దు, అంటే శాంపిల్ రేట్‌లో సగమైన 22.05 దగ్గర కొన్ని ఈక్యూల గీత నలిగిపోతుంది. సెషన్ 96లో పెడితే ఆ తేడా బాగా తగ్గుతుంది.

లెవెల్ సరిచేసిన ఫైళ్లు రెండు, పేర్లు లేకుండా, అన్నకి వాట్సాప్‌లో పంపి ఏది ఏదో చెప్పమన్నాను. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు మాత్రం ఇంకా రాలేదు.

మామూలు కట్, బూస్ట్‌కి ఏ ఈక్యూ అయినా ఒకటే అని తేలాక, రీఈక్యూ చేయలేని పనులేమిటో చూశాను. మా పాట పాడిన అమ్మాయి పల్లవిలో గొంతెత్తినప్పుడు 3 కిలోహెర్ట్జ్ దగ్గర చెవిలో గుచ్చుతుంది. అక్కడ మామూలు కట్ పెడితే చరణమంతా మసకబారింది. డైనమిక్ ఈక్యూ అయితే గుచ్చినప్పుడే తగ్గిస్తుంది. టీడీఆర్ నోవా అనే డైనమిక్ ఈక్యూ ఫ్రీ, ఈ పనికి అది చాలు. లీనియర్ ఫేజ్ (అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకే టైమింగ్‌లో ఉంచే ఈక్యూ పద్ధతి) గొప్పదని చెప్పేవాళ్లు దాన్ని డప్పు మీద పెట్టి చూడాలి. కింది ఫ్రీక్వెన్సీల్లో గట్టిగా కట్ చేస్తే దెబ్బకంటే ముందే సన్నని పొగలాంటి శబ్దం వస్తుంది. ఆలస్యం కూడా ఎక్కువే, రికార్డింగ్‌లో దాన్ని ఆన్‌లో ఉంచితే పాడేవాళ్లు తిట్టుకుంటారు.

పుల్‌టెక్ (పాతకాలపు ట్యూబ్ ఈక్యూ మిషన్) తరహావి మాత్రం నాకు నచ్చాయి. కిక్ డ్రమ్‌కి 60 హెర్ట్జ్ దగ్గర బూస్ట్, కట్ రెండూ ఒకేసారి తిప్పితే అడుగు లేస్తుంది, దాని పైన ఉబ్బు తగ్గుతుంది. రెండు వంపులూ ఒకటి కావు కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. అదే గీత రీఈక్యూలో రెండు బ్యాండ్లతో గీయొచ్చు, కానీ రెండు నాబ్‌లతో క్షణంలో అయిపోతుంది.

ప్రో-క్యూ ఇంకా కొనలేదు. ఏ బ్యాండ్‌నైనా మిడ్‌కో (స్టీరియోలో మధ్య శబ్దం) సైడ్‌కో (పక్కల శబ్దం) విడిగా పెట్టుకోవడం, తెర మీద గీతని చేత్తో లాగడం నిజంగా సుఖం. డబ్బు పెట్టేది ఆ సుఖానికే. నవంబర్ సేల్‌లో చూస్తాను. ఈలోపు మన సినిమా ఇంజనీర్లు ఏది వాడతారని మెసేజ్‌లు పెట్టకండి, ముందు మీటరు చూసి మాట్లాడండి.