ఉద్దానంలో బొగ్గు గొయ్యి

ఆ రోజు పలాస మెము రైల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ గురించి ఆలోచిస్తున్నది బహుశా నేనొక్కణ్ణే. మిగతావాళ్ళకి కిటికీలోంచి కాస్త గాలి తగిలితే అదే పదివేలు. విజయనగరంలో ఎక్కేసరికే పెట్టె కిక్కిరిసి ఉంది. చీపురుపల్లి దాటాక గానీ కూర్చోడానికి చోటు దొరకలేదు.

నా స్నేహితుడి బాబాయికి వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటలున్నాయి. తోటలో రాలిన మట్టలూ చిప్పలూ బొగ్గు చేసి మట్టిలో కలుపుతున్నాడని వాడు చెప్పాడు. చెట్టు గాలిలోంచి లాక్కున్న కార్బన్ అలా మట్టిలోనే ఉండిపోతుంది. పొగ గొట్టాలు తగ్గించుకుంటే సరిపోయే రోజులు పోయాయి, ఇప్పటికే గాలిలో చేరిన దాంట్లో కొంత వెనక్కి తియ్యక తప్పదు అని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2022 నివేదికలో తేల్చింది. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకి 315 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ ఉంటే, ఇప్పుడది 420 దాటింది. దీన్ని వెనక్కి తీసే పని మన పక్క జిల్లాలో ఎవరైనా చేస్తున్నారంటే చూడాలనిపించదూ?

నౌపడ దగ్గర ఉప్పు మళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఎదురుగా కూర్చున్న కుర్రాడు టెక్కలి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాడట. రాతి పొడిని పొలాల్లో చల్లితే వాన నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ని అది పట్టుకుంటుందనీ, ఛత్తీస్‌గఢ్ వరి పొలాల్లో ఇలా చేస్తున్న మాటీ కార్బన్ అనే సంస్థకి 2025లో 5 కోట్ల డాలర్ల ఎక్స్‌ప్రైజ్ అనే బహుమతి వచ్చిందనీ చెప్పాను. అతని కళ్ళు మెరిశాయి. "మా దగ్గర పొడి గుట్టలు గుట్టలుగా ఉంది సార్!" అన్నాడు. కానీ మాటీ వాళ్ళు వాడేది దక్కను పీఠభూమి నల్లరాయి, బసాల్ట్. అది త్వరగా కరుగుతుంది. గ్రానైట్ మొండిది, ఈ పనికి అంతగా రాదు. ఆ మాట చెప్పేసరికి మళ్ళీ ఫోన్లో పడిపోయాడు.

పలాసలో దిగితే జీడి వాసన. కాశీబుగ్గ వైపు సందుల్లోకి వెళ్తే అది కాస్తా ఘాటైన పొగ అవుతుంది. బాబాయ్ తనకు తెలిసిన బట్టీలోకి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉడికిన పిక్కలు కోస్తున్నారు. పిక్కని కోత మెషిన్ చీలికలో పెట్టి కాలితో పెడల్ తొక్కితే రెండు ముక్కలవుతుంది. పప్పు ఒక గంపలోకి, తొక్క ఇంకో గంపలోకి. తొక్కలోని జీడి నూనె అంటితే చర్మం బొబ్బలెక్కుతుంది. అందరి వేళ్ళూ నల్లగా, గోళ్ళ దగ్గర పెచ్చులూడి ఉన్నాయి. ఎనభై కేజీల బస్తా పిక్కలకి పప్పు ఇరవై కేజీల పైచిలుకు దిగుతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం తొక్కే. ఆ తొక్కలో కొంత అక్కడే బాయిలర్ కింద మంటలోకి పోతోంది.

జీడి చెట్టు ఏడాదంతా గాలిలోంచి లాక్కున్న కార్బన్ అలా పొగ గొట్టం గుండా వెనక్కి పోతోందన్నమాట. గని బొగ్గో డీజిలో తగలెయ్యడం కన్నా అది మేలే, కాదనను. కానీ గాలి లెక్కలో మిగిలేది మాత్రం సున్నా.

తోట దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం. కొబ్బరి చెట్లన్నీ ఒకే ఈడువి. తిత్లీ తర్వాత వేసినవని బాబాయ్ అన్నాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుఫాను అది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు పోయాయి. తాతల నాటి తోట ఆయనది. "తెల్లారి సూస్తే ఆకాశం కనపడింది బాబూ. అంతకు ముందు మా తోటలో నిలబడితే ఆకాశం కనపడేది కాదు" అన్నాడు.

పడిన చెట్లేమయ్యాయని అడిగాను. కొన్ని వంటచెరుకయ్యాయి. కొన్ని అక్కడే కుళ్ళాయి, వాటిలో కొమ్ము పురుగు పెరిగి కొత్త మొక్కల మొవ్వు తొలిచేసింది. ఎండిన చెట్టు బరువులో సగం కార్బనే. అందులో ఒక కేజీ కాలినా కుళ్ళినా మూడున్నర కేజీల పైన కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మొక్కలు నాటండి, భూమిని కాపాడండి అని గోడల మీద రాస్తుంటాం. నాటాలి, కాదనేదేముంది! కానీ ఈ తీరంలో చెట్టులో దాచిన కార్బన్‌కి గ్యారంటీ వచ్చే అక్టోబరు వరకే. చెట్ల మీద కార్బన్ క్రెడిట్లు, అంటే ఇన్ని టన్నులు గాలిలోంచి తీశామనే పత్రాలు, అమ్మేవాళ్ళు ఇలాంటి నష్టాల కోసం కొన్ని క్రెడిట్లు పక్కన పెడతారు. ఊళ్ళకి ఊళ్ళు ఒక్క రాత్రిలో పడుకుంటే అవి ఏ మూలకి?

ఇక గొయ్యి. నడుము లోతు, పైన వెడల్పుగా, కింద సన్నంగా, గరాటు ఆకారంలో తవ్వాడు. అడుగున ఎండు ఈనెలు వేసి అంటించాడు. మంట పుంజుకున్నాక మట్టలు, చిప్పలు ఒక వరస పరిచాడు. వాటి మీద తెల్లటి బూడిద కనపడగానే ఇంకో వరస. కిటుకంతా అక్కడే ఉంది. పై వరస మంట గాలిని తినేస్తుంది కాబట్టి కింది వరసకి అది అందదు. కింద ఉన్నది బూడిద కాకుండా బొగ్గవుతుంది. లోపలి నుంచి వచ్చే వాయువులు కూడా పై మంటలో కాలిపోతాయి. పొగ కనపడిందంటే తేడా చేసినట్టే, మీథేన్ లాంటివి తప్పించుకుంటున్నట్టు లెక్క. బాబాయ్ గొయ్యి చుట్టూ తిరుగుతూ పొగ లేచిన చోటల్లా ఎండు ఆకు విసురుతున్నాడు. చివర్లో బిందెలతో నీళ్ళు పోస్తే బుస్సుమని ఆవిరి లేచింది. ఆరాక ఒక చిప్ప ముక్క తీసి విరిచి చూపించాడు. గాజులా టంగుమంది.

బాగా కుదిరితే చెత్తలోని కార్బన్‌లో దాదాపు సగం ఇలా బొగ్గులో మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం మట్టిలో వందల ఏళ్ళు ఉంటుంది. అమెజాన్ అడవుల్లో పూర్వీకులు కలిపిన నల్లమట్టి ఇప్పటికీ అలాగే ఉంది. బాబాయ్‌కి మాత్రం ఇవేవీ పట్టవు. ఇసక నేలలో తడి ఆగాలి, అంతే. పచ్చి బొగ్గు వేస్తే మట్టిలోని నత్రజనిని అదే పీల్చుకుంటుందని పేడ నీళ్ళలో నానబెట్టి మరీ వేస్తున్నాడు.

"దీన్ని ఎవరైనా కొంటారా?" అని అడిగాడు. గుజరాత్‌లో సర్కారు తుమ్మని ఇలా బొగ్గు చేసే వరాహ అనే కంపెనీ నుంచి 2030 లోపు లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడ్ తీసిన లెక్కకి క్రెడిట్లు కొనేందుకు గూగుల్ 2025లో ఒప్పందం చేసుకుందని చెప్పాను. "మరి నాది?" ఒక్క గొయ్యికి కొలతలూ తనిఖీలూ పెట్టుకుంటే వచ్చేదాని కన్నా పోయేదే ఎక్కువ. పది ఊళ్ళు కలిస్తే అది వేరే సంగతి.

సాయంత్రం ఆయన బండి మీద సోంపేట బయల్దేరాం. దారిలో మందస కోవా కొనకుండా ఎవరూ రారు, మేమూ కొన్నాం. బీల అనే చిత్తడి నేల దగ్గర బండి ఆపాడు. కనుచూపు మేర నీళ్ళు, తుంగ, వరి, అక్కడక్కడా వలలు. ఇక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు కడతామంటే ఊళ్ళు అడ్డం నిలబడ్డాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ప్లాంటు రాలేదు. నీటి కింద బురదకి గాలి అందదు కాబట్టి చచ్చిన తుంగ నెమ్మదిగా కుళ్ళుతుంది, కార్బన్ అడుగునే ఉండిపోతుంది. ఇలాంటి చోట్ల నుంచి మీథేన్ కొంత వస్తుంది, నిజమే. అయినా ఎండగట్టి కట్టడాలు లేపితే అడుగున ఉన్నది కూడా పైకొస్తుంది.

"ఐస్‌లాండ్‌లో గాలిలోంచి లాగే మెషిన్లున్నాయి అన్నావు కదా, ఎంత లాగుతాయి?" అన్నాడు. 2024లో మొదలైన మామత్ అనే ప్లాంటు పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి 36,000 టన్నులు. బీలలో రాని ప్లాంటు ఏడాదిలో ఎంత వదిలేదో కోవా పొట్లం కాగితం మీద లెక్క కట్టాను. డెబ్బై శాతం నడిచిందనుకుంటే 1,600 కోట్ల యూనిట్లు. యూనిట్‌కి తొమ్మిది వందల గ్రాములు వేసుకున్నా 1 కోటి 44 లక్షల టన్నులు. దాన్ని 36,000తో భాగించాను.

"నాలుగొందల మెషిన్లు బాబాయ్."

"ఏటీ? ఓ సున్నా ఎక్కువేసినట్టున్నావు. మళ్ళీ కట్టు" అన్నాడు.

మళ్ళీ కట్టాను. నాలుగొందలే.