బాబాయి చార్టు, నానమ్మ వేలు

నిద్ర పట్టడం లేదు. కారణం బాబాయి. ఆయన సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో "మన వంశవృక్షం, ఫైనల్" అని ఒక చార్టు పెట్టాడు. ఫైనల్ అట! ఏ పాత పెట్టె అడుగున ఏ కాగితం ఉందో ఎవరికి తెలుసు?

అన్నిటికంటే పైన ఎవరో రాజుగారు. ఆయనకీ మా ముత్తాతకీ మధ్య ఒక చుక్కల గీత. ఇది ఎక్కడిది బాబాయ్ అంటే "పెద్దవాళ్ళు అనేవాళ్ళు" అన్నాడు. ఏ పెద్దవాళ్ళో చెప్పడు. పోనీ, రాజుని ఉండనిద్దాం. మనకి ఇద్దరు అమ్మానాన్నలు, వాళ్ళకి నలుగురు, అలా తరతరానికీ రెట్టింపు చేసుకుంటూ పోతే పదో తరంలో 1,024 మంది, ముప్పయ్యో తరంలో 107 కోట్లు దాటతారు. ఆ కాలంలో భూమ్మీద ఉన్న జనమే 50 కోట్లు లేరు. అంటే ఉన్నవాళ్ళే ఇటు నుంచీ అటు నుంచీ మళ్ళీ మళ్ళీ మనకి తాతలవుతున్నారన్నమాట. ఆ లెక్కన రాజుగారు మాకూ తాత అయ్యుండచ్చు, ఆయన గుర్రాలకి గడ్డి కోసినవాడూ తాత అయ్యుండచ్చు. చుక్కల గీత వాడికి మాత్రం ఎవరూ గియ్యరు.

అసలు చిరాకు అది కాదు. చార్టులో ఆడవాళ్ళు లేరు. నానమ్మ ఉన్నచోట బ్రాకెట్లో "భార్య" అని ఉంది. అమ్మకీ అదే, పిన్నికీ అదే. అత్త పేరైతే ఉంది గానీ దాని కింద గీత లేదు. ముగ్గురు పిల్లల్ని కని పెంచిన మనిషి కింద తెల్ల కాగితం! గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెట్టారు, అత్తతో సహా. నాకు ఒళ్ళు మండింది.

ఆ కోపంలోనే కాగితం పెన్సిలు తీసుకుని నా లెక్క నేను మొదలుపెట్టాను. పూర్వీకులకి నంబర్లు వేసే పద్ధతి ఒకటుంది. 1590లో మైఖేల్ ఐట్జింగర్ అనే ఆయన యూరప్ రాజవంశాల కోసం అచ్చువేశాడు, ఇప్పటికీ చాలామంది అదే వాడతారు. నేను 1. నాన్న 2, అమ్మ 3. ఎవరి నంబరునైనా రెట్టింపు చేస్తే వాళ్ళ నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్ళ అమ్మ. నన్ను పక్కన పెడితే సరిసంఖ్యలన్నీ మగవాళ్ళు, బేసి సంఖ్యలన్నీ ఆడవాళ్ళు. ఇందులో ఎవరినీ బ్రాకెట్లో కూర్చోబెట్టడం కుదరదు. పేరు తెలియకపోతే గడి ఖాళీగా ఉండి మొహం మీద అడుగుతుంది.

11 దగ్గర అలాగే అడిగింది. 11 అంటే నానమ్మ వాళ్ళమ్మ. నాన్నకి ఫోన్ చేస్తే "మా అమ్మమ్మ" అన్నారు. పేరేంటి నాన్నా అంటే కాసేపు ఆలోచించి "అందరం అమ్మమ్మ అనే పిలిచేవాళ్ళం కదే" అన్నారు. ఆవిడ చేతుల్లో పెరిగిన మనిషి ఆయన.

చిన్నది నా అవస్థ చూసి యాప్ వేసుకోమంది. ఏ యాప్ అయినా సరే, మన వివరాలన్నీ గెడ్‌కామ్ ఫైలుగా బయటికి తీసుకునే వీలుందో లేదో చూసుకోమంది. 1984 నుంచీ ఉన్న ఫైలు రకం అట, రేపు ఆ కంపెనీ మూతపడినా ఇంకోచోట తెరుచుకోవచ్చు. తెలివైన మాటే. ఈయన మాత్రం "డీఎన్‌ఏ పరీక్ష చేయించు, పోతుంది గొడవ" అని అటు తిరిగి పడుకున్నారు. ఉమ్మి పంపితే ఎక్కడో ఉన్న చుట్టాన్ని చూపిస్తుందేమో గానీ, మా 11 పేరు అందులోంచి ఎలా వస్తుంది?

ఇక పెద్దనాన్న పుట్టిన సంవత్సరం సంగతి. సర్టిఫికెట్లో ఉన్నదానికంటే నాలుగేళ్ళు ముందు వేశాడు బాబాయి. ఇదీ సొంత కవిత్వమేనా అని అడిగితే తాతయ్య ఖాతా పుస్తకంలో పేజీ ఫొటో తీసి పంపాడు. అప్పులూ వడ్డీల మధ్య తాతయ్య చేతిరాత: మగపిల్లవాడు పుట్టాడని, తేదీ, కింద పెట్టిన పేరు. పెద్దనాన్న పేరే. నోరు మూసుకున్నాను. సంఘటన జరిగినప్పుడే, అక్కడున్న మనిషి రాసినదానికి ఎక్కువ విలువివ్వాలంటారు. బడిలో వేసిన వయసు ఎవరి నోటి మాటో. ఆ లెక్కన బాబాయే రైటు. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

అలా అనుకుని పడుకున్నాక నానమ్మ చెయ్యి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు మధ్యాహ్నాలు నానమ్మ పక్కన పడుకుని "నీకెంతమంది పిల్లలు" అని అడగడం నాకో ఆట. తెలుసు, అయినా అడిగేదాన్ని. ఆవిడ చెయ్యి పైకెత్తి వేళ్ళు మడిచేది. మొదట బొటనవేలు మడిచేది, ఏమీ అనేది కాదు. తర్వాత చూపుడువేలు, "పెద్దాడు". మధ్యవేలు, "అమ్మాయి". ఉంగరం వేలు, "మీ నాన్న". చిటికెనవేలు, "చిన్నాడు". పిడికిలి మూసేసేది. "నలుగురే కదా, అయిదు మడిచావేం? నీకు లెక్కలు రావు" అని నేను నవ్వేదాన్ని. "వస్తాయిలే, కళ్ళు మూసుకో" అనేది. గాజులు మోచేతి దాకా జారిపోయేవి, అంత సన్నటి చెయ్యి. నేను పెద్దయ్యాక కూడా అలాగే లెక్కపెట్టేది. కూరలవాడి పద్దు మాత్రం చూపుడువేలితోనే మొదలుపెట్టేది. ఎందుకని అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

పసిబిడ్డ పోతే ఆ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టడం ఎన్నో దేశాల్లో ఉండేది. వంశవృక్షాలు కట్టేవాళ్ళు ఇద్దరు పిల్లల్ని ఒక్కడిగా కలిపేసేది సరిగ్గా ఇక్కడే. ఖాతా పుస్తకం అబద్ధం చెప్పలేదు, సర్టిఫికెట్టూ చెప్పలేదు. కాగితాలు రెండు, పిల్లలూ ఇద్దరేమో. బొటనవేలు ఆ మొదటివాడేమో.

లేదూ బడిలో చేర్చేటప్పుడు వయసు తగ్గించి వేశారంతేనేమో. నాలుగేళ్ళు తగ్గిస్తారా? ఏమో. బొటనవేలు వట్టి అలవాటేనేమో. గంట నుంచీ ఇటూ అటూ ఇదే. ప్రస్తుతానికి రెండు తేదీలూ రాసి, పక్కన ఎక్కడ దొరికిందీ రాసి, ప్రశ్నార్థకం పెట్టాను. చార్టులో ఇంకో గడి గీసి, మళ్ళీ చెరిపేశాను. చెప్పదలుచుకుంటే నానమ్మే చెప్పేది కదా అనిపించింది. మరి వేలు ఎందుకు మడిచినట్టు? మళ్ళీ గీశాను, పెన్సిలుతో.

తేల్చగలిగేది అత్త ఒక్కతే. తిన్నగా అడిగితే లాభం లేదు. ఏ సంవత్సరం అంటే విసుక్కుంటుంది. ఎవరి పెళ్ళికి ముందు, ఎవరు నడుస్తున్నప్పుడు అంటే టకటకా చెప్తుంది. నానమ్మ వాళ్ళమ్మ పేరూ తనకే తెలిసుండాలి. రికార్డు చేస్తున్నా అంటే నోరు విప్పదు, చెప్పకుండా చేయడం నాకిష్టం లేదు, చేత్తోనే రాసుకోవాలి. రేపు మధ్యాహ్నం బాబాయి పెళ్ళి ఫొటో పట్టుకెళ్ళి, వెనక వరసలో మూతి ముడుచుకున్నావిడ ఎవరని మొదలుపెడతాను. ఆవిడంటే అత్తకి పడదు. తిట్టడం మొదలుపెడితే మూడు తరాల పేర్లూ బంధుత్వాలతో సహా వచ్చేస్తాయి.