రోమ్ మ్యాప్ లాగ్: మూడు వారాలు తినేసిన 17వ పాయింట్

దొరికింది! మూడు వారాలుగా నా నొల్లి మ్యాప్‌ను మెలిపెడుతున్న దొంగ నిన్న రాత్రి పన్నెండున్నరకు దొరికింది. 17వ కంట్రోల్ పాయింట్ (పాత పటంలోని ఒక చోటును ఇవాళ్టి మ్యాప్‌లోని అదే చోటుకు కలిపే గుర్తు). పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ తిట్టుకునే వీలు కూడా లేదు.

పోయిన లాగ్ చూడని వాళ్ళ కోసం ఒక మాట. 1748లో జాంబత్తిస్తా నొల్లి వేసిన రోమ్ పటాన్ని ఇవాళ్టి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి గీసే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్) మీద పరిచి, స్లయిడర్ జరిపితే పాత ఊరు పోయి కొత్త ఊరు కనిపించేలా చేస్తున్నాను. పన్నెండు పలకల పటం, స్కేలు ఇంచుమించు 1:2900. జనం నడవగలిగిన చోటల్లా తెల్లగా వదిలేశాడాయన. వీధులే కాదు, చర్చిల లోపలి భాగాలు, పాంథియాన్ అనే పురాతన గుడి లోపల కూడా తెలుపే. జూమ్ చేసి ఆ తెలుపు వెంట వేలు జరుపుకుంటూ పోతుంటే టైమ్ తెలియదు.

పియాజ్జా నవోనా అనే పెద్ద కూడలి మొదటిరోజే సరిగ్గా అతుక్కుపోయింది. పటం దిక్సూచి ఉత్తరం ప్రకారం గీసింది కాబట్టి కాస్త తిరిగి ఉంటుంది, అదీ ఇబ్బంది పెట్టలేదు.

ఇబ్బందంతా కాపిటలైన్ కొండ కింద. అరాచేలి చర్చికి ఎక్కే 124 మెట్లున్నాయి కదా, వాటి అడుగు నుంచి మార్చెల్లస్ థియేటర్ (పాత రోమన్ నాటకశాల) వైపు వెళ్తుంటే పటం తడిబట్ట పిండినట్టు మెలికపడేది. నొల్లి కాగితం మీద సెంటీమీటరు ఉన్న చోటు నా తెర మీద దాదాపు 200 మీటర్లకు సాగింది. సన్నటి సందు కాస్తా హైవే అంత వెడల్పు! దాని పక్కనున్న ఇళ్ళేమో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

మొదటి అనుమానం పలకల అతుకు మీద. నా స్కాన్ పన్నెండు ముక్కలనూ ఎవరో కలిపి పెట్టిన ఫైలు, 150 డిపిఐ (అంగుళానికి 150 చుక్కలు), అంటే పిక్సెల్‌కు నేల మీద దాదాపు అర మీటరు. అతుకు దగ్గర జరిగి ఉంటుందని ఆ ఒక్క పలకనే కత్తిరించి, అందులో ఉన్న పాయింట్లతోనే మళ్ళీ చేశాను. మెలిక అలాగే ఉంది. నాలుగు సాయంత్రాలు వృథా.

రెండో అనుమానం, కాగితం ముడుచుకుందేమోనని. ఇది తెలివితక్కువ అనుమానం. ఒక శాతం ముడుచుకున్నా 200 మీటర్లకు వచ్చే తేడా రెండు మీటర్లే. అయినా మనసు ఊరుకోక పాంథియాన్ నడుమ నుంచి ఆ మెట్ల అడుగు దాకా కొలిచాను. ఇవాళ్టి మ్యాప్‌లో 700 మీటర్లకు కాస్త తక్కువ. నొల్లి మీద కొలిచి స్కేలు కడితే తేడా పది మీటర్లు కూడా రాలేదు. నొల్లి కొలతలు ఈ కాలం వాళ్ళ ముందు తలదించుకునేవి కావు. పొరపాటు ఆయనది కాదని అక్కడే తేలిపోవాలి, కానీ నేను ఇంకో వారం ఆయన్నే అనుమానించాను.

అసలు తప్పు థిన్ ప్లేట్ స్ప్లైన్ (పటాన్ని రబ్బరులా వంచి పాయింట్లకు అతికించే పద్ధతి) వాడటం. అది ప్రతి పాయింటునూ తూచా తప్పకుండా పట్టుకుంటుంది కాబట్టి రెసిడ్యువల్ (పాయింటు ఉండాల్సిన చోటుకీ పడిన చోటుకీ తేడా) అన్నిచోట్లా సున్నా చూపిస్తుంది. తప్పు పాయింటు ఇచ్చినా సరే, ఊరినంతా వంచి మరీ దాన్ని నిజం చేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ, చివర్లో వాడాల్సిన దాన్ని అందంగా వస్తోంది కదా అని మొదట్లోనే వాడాను.

నిన్న బుద్ధి తెచ్చుకుని క్యూజిఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పాలినామియల్ 1కి (పటాన్ని వంచకుండా మొత్తంగా జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) మార్చాను. మొత్తం 23 పాయింట్లు, మీన్ ఎర్రర్ (సగటు తప్పు) 80 పిక్సెళ్ళు దాటింది, అంటే 40 మీటర్లు. ఒక్కో పాయింటు తప్పును చూపే ఎర్ర గీతలన్నీ చీమకాళ్ళంత ఉంటే 17వ పాయింటు నుంచి ఒక్కటే బారెడు గీత. 360 పిక్సెళ్ళు. టిక్కు తీసేశాను. ఎర్రర్ 18 పిక్సెళ్ళకు దిగింది.

17వ పాయింటు సాంతా రీటా ద కాష్యా చర్చి. కార్లో ఫోంటానా డిజైన్, 1665 నాటిది. నొల్లి కంటే పాతది, కదలదు కదా అనే ధీమాతో పెట్టాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పేరు వెతికితే మార్చెల్లస్ థియేటర్ పక్కన దొరికింది, నొల్లి పటంలో ఆ చర్చిని గుర్తుపట్టి రెంటినీ కలిపేశాను. కానీ చర్చి కదిలింది! ముస్సోలినీ కాలంలో కాపిటలైన్ కొండ చుట్టూ కూల్చివేతలు జరిగినప్పుడు, 1928లో దీన్ని రాయి రాయి విప్పేసి, 1940లో ఇప్పుడున్న చోట మళ్ళీ కట్టారు. అసలు చోటు ఆ 124 మెట్ల పక్కనే. నా పటం మూడు వారాలుగా ఆ చర్చిని పాత చోటి నుంచి కొత్త చోటికి ఈడ్చుకుంటూ పోతోందన్నమాట. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. స్లయిడర్‌లో నేను చూడాలనుకున్నదే ఇలాంటి సంగతి, అది కాస్తా ఎర్రర్ వేషంలో వచ్చింది.

మిగిలిన 18 పిక్సెళ్ళలో ఎక్కువ భాగం టైబర్ నది ఒడ్డున పెట్టిన మూడు పాయింట్లది. 1870 డిసెంబరు వరద తర్వాత, 1876 నుంచి నదికి రెండు వైపులా ఎత్తైన గోడలు కట్టుకుంటూ పోయారు, 1704 నాటి రిపెట్టా రేవు అందులోనే మాయమైంది. ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ పొంతన కుదరదు కాబట్టి మూడూ తీసేసి, క్రీస్తుపూర్వం 62 నాటి ఫాబ్రీచో వంతెన, సిస్తో వంతెన పెట్టాను. 11 పిక్సెళ్ళు. చాలు.

టూల్స్ గురించి అడిగిన వాళ్ళకు: మ్యాప్ వార్పర్ అనే వెబ్‌సైటు తొందరగా చూసుకోవడానికి బాగుంటుంది. ఆల్‌మ్యాప్స్ బ్రౌజర్‌లోనే పటాన్ని వంచేస్తుంది, పెద్ద ఫైళ్ళు మోయక్కర్లేదు, నాకు నచ్చింది. కానీ రెసిడ్యువళ్ళ పట్టిక ముందు పెట్టుకుని ఒక్కో పాయింటునూ నిలదీయాలంటే నాకు క్యూజిఐఎస్ కావాల్సిందే. ఇక చూపించే పద్ధతి విషయానికొస్తే, పైపటాన్ని పలచబరిచే స్లయిడర్ కన్నా పరదాలా పక్కకు జరిపేదే మేలు. పలచబరిస్తే రెండు ఊళ్ళూ కలిసి మసకైపోతాయి, ఏదీ సరిగ్గా కనపడదు.

తర్వాత రొడోల్ఫో లాంచాని వేసిన ప్రాచీన రోమ్ పటం మీద కన్నేశాను. 46 షీట్లు, 1:1000, 1893 నుంచి 1901 దాకా వెలువడింది. దానికన్నా ముందు సెయింట్ పీటర్స్ చర్చి ఎదుట 1936లో కూల్చడం మొదలుపెట్టిన ఇళ్ళ వరసను నొల్లి మీద గీసుకోవాలి. ఈసారి ప్రతి పాయింటు పక్కనా ఒక కొత్త గడి పెట్టాను: 'ఈ కట్టడం చోటు మారిందా?' ఇప్పటికి 22లో తొమ్మిది నింపాను.