పాకెట్ నవలల చిత్తుప్రతులు: ఇంటి ఆర్కైవ్ పని ఎంతవరకు వచ్చింది

ట్రంకు పెట్టెలో ఉన్నవన్నీ జాబితాకెక్కాయి. బీరువా పై అర సగం అయింది. ఫ్లాపీలను ఇంకా ముట్టుకోలేదు. మా పెదనాయన రాసిన డిటెక్టివ్ నవలల కాగితాలను భద్రపరిచే పని ప్రస్తుతానికి ఇక్కడిదాకా వచ్చింది. ఆఫీసు అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు చేసే పని కాబట్టి నిదానంగానే నడుస్తోంది. ఇలాంటి కట్టలు ఇంట్లో ఉన్నవాళ్లకు పనికొస్తుందని, వాడిన సామానూ పద్ధతీ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆయన పగలు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. రాత్రిళ్లు కడపలోని పాత ఇంట్లో, మిద్దె మీద గదిలో కూర్చుని నవలలు రాసేవాడు. అరవైల చివర మొదలుపెట్టి తొంభైల చివరిదాకా రాశాడు. న్యూస్‌ప్రింట్ మీద అచ్చయి, బస్టాండు బంకుల్లోనూ అద్దె పుస్తకాల షాపుల్లోనూ చేతులు మారి నలిగిపోయిన పుస్తకాలు అవి. కొన్నింటికి ఆడపేరు పెట్టుకున్నాడు. అప్పట్లో చాలామంది మగ రచయితలు అలాగే చేశారు. ఆ పేర్లు బయటపెట్టడానికి ఇంట్లో అందరూ ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

అచ్చు పుస్తకాలకే దిక్కు లేనప్పుడు చిత్తుప్రతులు ఎందుకు అని చాలామంది అడిగారు. 2003లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ రాతప్రతుల మిషన్ లెక్కలో రాతప్రతి అంటే కనీసం 75 ఏళ్ల పాతదై ఉండాలి. పాకెట్ నవలల కాగితాలకు ఆ వయసు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఎవరో ఒకరు కాపాడకపోతే ఆ వయసు రానే రాదు. అమెరికాలో పెర్రీ మేసన్ కథలు రాసిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ కాగితాలు టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో ఉన్నాయి. అగాథా క్రిస్టీవి 73 నోటుపుస్తకాలు మిగిలాయి. వాటిలో హత్యల పథకాలూ ఇంటి సరుకుల జాబితాలూ కలిసే ఉంటాయి. మన దగ్గర కాలక్షేపం నవల రాసినవాళ్ల కట్టలు మాత్రం పాత పేపర్లు కొనేవాడి తూకానికి వెళ్తున్నాయి. నాకు అది బాధగా ఉంటుంది. పైగా ఉన్నది కడపలో. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించిన సి.పి. బ్రౌన్ ఉన్న ఊరు ఇది. ఆయన బంగళా ఉన్న చోటే ఎర్రముక్కపల్లెలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి నిలబెట్టిన గ్రంథాలయం ఉంది. ఈ ఊళ్లో ఈ పని చేయడానికి వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు.

కట్టలు విప్పడం

మొట్టమొదట పెట్టుకున్న నియమం ఒకటే: ఏ కాగితమూ ఉన్న చోటు నుంచి, ఆ చోటు రాసిపెట్టకుండా కదలకూడదు. పెట్టె మూత తీయగానే ఫోటో. పై పొర తీశాక ఇంకో ఫోటో. ప్రతి కట్టకూ ఒక నంబరు, అందులో ప్రతి కాగితానికీ ఒక నంబరు, వెనక వైపు కింది మూలన మెత్తటి పెన్సిలుతో. పెన్ను వాడకూడదు, స్టిక్కర్ అసలే వద్దు.

పెద్దమ్మకు ఇది నచ్చలేదు. "ఈ కరెంటు బిల్లులు, జాబులు అన్నీ ఏరి పారేసి, ఏ నవలకు ఆ నవల కట్ట కట్టి పెట్టరాదా నాయనా" అంది. చూడటానికి అదే సరైన పనిలా ఉంటుంది. ఎందుకు చేయలేదో ఒక్క కట్టతో ఆమెకు చూపించాను.

గుంతకల్లు జంక్షన్‌లో రైలు మారే చోట హత్య జరిగే నవల ఒకటుంది. అచ్చు పుస్తకంలో గొడుగు పట్టుకున్న ఒక ముసలాయన మూడో అధ్యాయంలో వస్తాడు. పోలీసులకు అనుమానం వచ్చేలా రెండు మాటలు మాట్లాడతాడు. ఆ తర్వాత పుస్తకం అయిపోయేదాకా కనబడడు. చిన్నప్పుడు చదివి, ఈయన ఏమయ్యాడని నేను చాలా ఆలోచించాను. ఆ నవల రాతప్రతి కట్టలో పదకొండో అధ్యాయానికీ పన్నెండో అధ్యాయానికీ మధ్య పబ్లిషర్ ఉత్తరం ఉంది. పుస్తకం ఒక ఫారం ఎక్కువైందని, 16 పేజీలు తగ్గించి పంపమని అందులో ఉంది. అచ్చాఫీసులో పెద్ద కాగితం మీద ఒకేసారి అచ్చయ్యే పేజీలను ఫారం అంటారు. ఒక్క పేజీ ఎక్కువైనా ఇంకో ఫారం ఎక్కించాలి, పాకెట్ నవల ధరకు అది గిట్టదు. ఉత్తరం వెనకే, జెమ్ క్లిప్పు పెట్టి, తీసేసిన అధ్యాయం మొత్తం ఉంది. గొడుగు ముసలాయన కథ అందులోనే ముగుస్తుంది. దానికింద స్కూలు మార్కుల జాబితా కాగితం వెనక, ఎవరు ఏ గంటకు ఏ ప్లాట్‌ఫారం మీద ఉన్నారో గీసుకున్న పట్టిక. ఆ పట్టికలో హంతకుడి గడిలో మొదట ముసలాయన పేరే ఉంది. కొట్టేసి, వేరే పేరు రాశాడు.

ఉత్తరాలన్నీ ఒక ఫైల్లో, అధ్యాయాలన్నీ ఇంకో ఫైల్లో, మార్కుల కాగితాలు చెత్తబుట్టలో వేసి ఉంటే వీటన్నిటికీ సంబంధం ఉందని ఇక ఎవరికీ తెలిసేది కాదు. ఏ నవలకు ఏ కాగితమన్నది జాబితాలో రాసుకుంటే చాలు. కాగితాలు మాత్రం ఆయన పెట్టిన వరసలోనే ఉండాలి. ఆర్కైవ్ పని తెలిసినవాళ్లు మొదట చెప్పేదీ ఇదే.

పిన్నులు, పురుగులు, సిరాలు

కాగితాల్లో మూడు రకాలున్నాయి. దస్తాల లెక్కన కొన్న ఫుల్‌స్కేప్ తెల్ల కాగితం బాగానే ఉంది. కార్బన్ కాపీల పల్చటి కాగితం మడతల దగ్గర చీలుతోంది. గ్యాలీ ప్రూఫుల (అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి తీసే కాగితాల) న్యూస్‌ప్రింట్ అన్నింటికంటే అధ్వానం. అందులో చెక్కగుజ్జు ఎక్కువ, దానిలోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకూ గాలికీ గోధుమరంగుకు తిరిగి, కాగితాన్ని లోపలి నుంచే పెళుసు చేస్తుంది. న్యూస్‌ప్రింట్‌ను మంచి కాగితానికి ఆనించి పెడితే అందులో పుట్టే ఆమ్లం దానికీ పాకుతుంది. అందుకే ప్రూఫులకు ముందు వెనకా ఆమ్లం లేని కాగితం ఒక్కొక్కటి పెట్టాను. వరస మారలేదు, మధ్యలో అడ్డం వచ్చింది అంతే.

తుప్పు పట్టిన గుండుసూదిని లాగకూడదు, కాగితం దానితోపాటే వస్తుంది. పిన్నుకూ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, స్టేపుల్ అయితే వెనక కాళ్లను మొద్దు చాకుతో నిలబెట్టి, ముందు వైపు నుంచి మెల్లగా ఎత్తాలి. స్టేపుల్ రిమూవర్ కొత్త కాగితాలకే. రబ్బరు బ్యాండ్లు ఎండి అతుక్కుపోయిన చోట గీకకుండా, మెత్తటి బ్రష్‌తో రాలినంతవరకే తీశాను. సెల్లో టేపు అంటించిన చోట్ల చేయి పెట్టలేదు. ఆ జిగురు తీయడానికి ద్రావకాలు కావాలి, అవి తెలిసినవాళ్లు చేయాలి. లామినేషన్ చేయిద్దామన్న సలహా చాలామంది ఇస్తారు. దయచేసి వద్దు. వేడికి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం.

బీరువా కట్టల్లో కాగితం తినే సిల్వర్ ఫిష్ పురుగులు తిరిగిన ఆనవాళ్లున్నాయి. నాఫ్తలిన్ గోళీలు వేయలేదు, ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదు, వాసన కాగితాన్ని వదలదు. అనుమానం ఉన్న కట్టలను రెండు జిప్ కవర్లలో లోపలి గాలి తీసేసి మూసి, ఇంటి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాను. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. విప్పితే చల్లటి కాగితం మీద తేమ పేరుకుంటుంది. ఆయన ఎక్కువగా రాసింది రాయల్ బ్లూ సిరాతో. ఆ సిరా నీటి చుక్కకే పారిపోతుంది, వెలుతురుకు వెలిసిపోతుంది. అందుకే తడిబట్ట ఆ గదిలోకే రానివ్వను.

ఎక్కడ పెట్టాలి

మిద్దె మీద గదిలో మే నెలలో మనిషే ఉండలేడు. కాగితాలన్నీ కింద లోపలి గదిలోకి దింపాను. అక్కడ కడప బండల అలమర ఉంది. బండ గట్టిది, చెద పట్టదు, కానీ వెనక గోడ వానాకాలంలో చెమ్మగిలుతుంది. పెట్టెలకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలాను. కింది అర మొత్తం ఖాళీ. 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కడప వీధుల్లోకి నీళ్లు వచ్చిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు.

గాలిలో తేమ చూపే చిన్న మీటరు ఒకటి అలమరలో పెట్టాను. 35 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. ఎండాకాలం అంతకంటే కిందికి, నవంబరులో పైకి పోతుంది. రోజూ రెండు గంటలు ఏసీ వేసి ఆపేయడం కంటే, ఎక్కువ తక్కువలు లేకుండా ఒకేలా ఉంచడం మేలు. తలుపులు మూసి, కట్టలను మందపాటి పెట్టెల్లో ఉంచితే ఆ మార్పు లోపలికి నెమ్మదిగా చేరుతుంది. ఆమ్లం లేని పెట్టెలు అన్నింటికీ కొనే స్తోమత లేదు. చిత్తుప్రతులకూ కార్బన్ కాపీలకూ కొన్నాను. మిగతావి గంజి పోయేలా ఉతికిన తెల్లటి నూలు బట్టలో చుట్టాను.

స్కానింగ్

ఫుల్‌స్కేప్ కాగితం పొడవు దాదాపు 13 అంగుళాలు. మామూలు ఏ4 స్కానర్ అద్దం 12 అంగుళాలైనా ఉండదు. రెండు సార్లు స్కాన్ చేసి అతికించడం కంటే కెమెరా నయం. కెమెరాను పైనుంచి కిందికి చూసేలా స్టాండుకు బిగించి, రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో ఎల్‌ఈడీ దీపాలు పెట్టి, పక్కన స్కేలు ఉంచి తీస్తున్నాను. 400 డీపీఐకి (అంగుళానికి 400 చుక్కలకు) సమానమైన వివరం, రంగుల్లో, టిఫ్ ఫైలుగా అయితే ఒక్కో వైపుకు సుమారు 50 ఎంబీ అవుతుంది. హార్డ్ డిస్క్ కొనేముందు ఈ లెక్క వేసుకోండి. చదువుకోవడానికి చిన్న జేపెగ్‌లు వేరే. అసలు ఫైళ్లు రెండు డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి మా చెల్లెలి ఇంట్లో అనంతపురంలో.

ఖాళీగా ఉన్నా వెనక వైపు కూడా తీయాలి. మా దగ్గర వెనక వైపులు చాలావరకు పాత ప్రశ్నపత్రాలు, మార్కుల జాబితాలు. ఏ ఏడాది చిత్తుప్రతో చాలాసార్లు వాటి వల్లే తేలింది. వాటిలో పిల్లల పేర్లున్నాయి, వాళ్లిప్పుడు తాతలై ఉంటారు. ఆ పేర్లు కనబడే ఫైళ్లను విడిగా పెట్టాను, ఎవరికీ ఇవ్వను.

హక్కుల సంగతి కూడా. మన చట్టంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. కాగితం ఎవరి దగ్గరుందో వాళ్లకు రచన మీద హక్కు ఉన్నట్టు కాదు. గ్రంథాలయానికి ఇచ్చేముందు ఏది చూపొచ్చు, ఏది కాపీ చేసుకోవచ్చు అన్నది పెద్దమ్మ, అన్నలు కలిసి కాగితం మీద రాసి సంతకాలు చేయాలి. ఆ మాటలు నడుస్తున్నాయి.

శుద్ధప్రతి ఎవరిది

ఈ పనిలో నన్ను అన్నింటికంటే కదిలించింది ఇది. ప్రెస్సుకు పోయిన ప్రతి సాధారణంగా తిరిగి వచ్చేది కాదు, అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటర్లు దాన్ని ముక్కలుగా పంచుకునేవారు. అందుకే ఇంట్లో కార్బన్ కాపీ ఉంచుకునేవాళ్లు. ఆ కాపీల్లో రాత పెదనాయనది కాదు, పెద్దమ్మది. వరసగా అన్ని నవలలకూ, చిత్తు చూసి ప్రెస్సు కోసం తిరగరాసే శుద్ధప్రతి ఆమే రాసింది. చిత్తుతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆడవాళ్ల మాటలు చాలా చోట్ల మారాయి. "అట్ల ఏ ఆడమనిషి మాట్లాడుతుందప్పా? నేనే మార్చినా. ఆయనకు చెప్తే సరేలే అనె" అంది. జాబితాలో ఇప్పుడు ప్రతి శుద్ధప్రతి దగ్గరా "ప్రతి రాసి, సవరించినవారు" అన్న గడి చేర్చి ఆమె పేరు రాశాను. మార్పులు ఉన్న పేజీలకు పెన్సిలు గుర్తు కాదు, జాబితాలోనే నంబర్లు.

ఫ్లాపీల పని తర్వాతిది. చివరి రెండు నవలలు డీటీపీ షాపులో అను అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో కొట్టించినవి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తెప్పించుకున్నాను. పెట్టేముందు ఒక్కోదానికీ మూలన ఉన్న చిన్న మీటను జరిపి కన్నం తెరవాలి, అప్పుడు మన కంప్యూటర్ దాని మీద ఏమీ రాయలేదు. మొత్తం ఫ్లాపీని ఒకే ఫైలుగా నకలు తీసి, ఆ తర్వాతే లోపలివి తెరిచి యూనికోడ్‌లోకి మార్చాలి. దానికంటే ముందు పెద్దమ్మ మాటలు రికార్డు చేయాలి. ఆమెకు ఎనభై దాటాయి, ఫ్లాపీలు ఇంకో నెల ఆగగలవు. తెల్లవారుజామున ఆమె గొంతు బాగుంటుంది, వీధి చప్పుడూ తక్కువ. కూర్చున్న ప్రతిసారీ ఒక్క నవలే, కార్బన్ కాపీ నకలు ఆమె చేతికిచ్చి అడుగుతాను. గుంతకల్లు నవలతోనే మొదలుపెడుతున్నాం.